అమెరికాలో బిల్లు చూసి బ్రిటిష్ వాళ్లు ఎందుకు కంగారు పడతారు?

అమెరికా, బ్రిటన్‌లలో భాష ఒకటే అయినా బిల్లు దగ్గర ఇంత తేడా ఎందుకని ఒకరు అడిగారు. టిప్పుల్లో తేడాకు అసలు కారణం వేతన చట్టం. అమెరికాలో టిప్పులు అందుకునే ఉద్యోగికి యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) కనీస వేతనం గంటకు 2.13 డాలర్లే. 1991 నుంచి అది పెరగలేదు. కొన్ని రాష్ట్రాలు ఎక్కువే ఇప్పిస్తాయి గానీ, చాలాచోట్ల రెస్టారెంట్ సర్వర్ల ఇల్లు గడిచేది టిప్పులతోనే. అందుకే అక్కడ 18-20 శాతం ఇవ్వడం న్యాయమే అంటాను.

బ్రిటన్‌లో టిప్పులను కనీస వేతనంలో కలిపి చూపడం 2009 నుంచి కుదరదు. పబ్ కౌంటర్‌లో బీరు కొంటే టిప్పు ఎవరూ ఆశించరు. రెస్టారెంట్‌లో మాత్రం సర్వీస్ ఛార్జీ ముందే కలిపారేమో చూసుకోండి.

షాపుల్లోనూ తేడా ఉంది, కానీ అక్కడ కారణం పన్ను. లండన్‌లో 10 పౌండ్ల బొమ్మకు వ్యాట్‌తో సహా పదే కడతారు. న్యూయార్క్‌లో 10 డాలర్ల బొమ్మ కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి అమ్మకపు పన్ను కలిసి 10.89 అవుతుంది.