లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కోడ్‌లోకి జర్మన్ కామెంట్లు (కోడ్ మధ్యలో ప్రోగ్రామర్లు రాసుకునే వివరణలు) ఎలా వచ్చాయి? వాడని కోడ్‌ను ఎలా పట్టుకున్నారు?

దీని మూలం స్టార్‌ఆఫీస్. దాన్ని తయారుచేసిన స్టార్ డివిజన్ జర్మనీ కంపెనీ, అక్కడి ప్రోగ్రామర్లు కామెంట్లు తమ భాషలోనే రాసుకున్నారు. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొని, మరుసటి ఏడాది సోర్స్ కోడ్‌ను ఓపెన్‌ఆఫీస్ పేరుతో బయటపెట్టింది. 2010లో దాన్నుంచి లిబ్రేఆఫీస్ విడిపోయేనాటికి కూడా ఆ జర్మన్ అలాగే ఉంది.

కామెంట్ల కోసం ఒక చిన్న స్క్రిప్ట్ రాశారు. అది జర్మన్‌లా కనిపించే కామెంట్లను ఏరి చూపిస్తుంది, ఇంగ్లీషులోకి మార్చాల్సింది మనిషే. ప్రోగ్రామ్ నడకకు ఏ ప్రమాదమూ ఉండదు కాబట్టి కొత్తవాళ్లకు ఇది మంచి మొదటి మెట్టు అయింది. అయితే భాష వస్తే చాలదు, పక్కనున్న కోడ్ కూడా చదవాలి. కొన్ని కామెంట్లు ఎప్పుడో మారిపోయిన కోడ్ గురించి చెబుతుంటాయి. వాటిని అనువదించడం దండగ, తీసేయడమే మేలు.

వాడని కోడ్ సంగతి ఇంత తేలిక కాదు. కాల్‌క్యాచర్ అనే టూల్, కంపైల్ అయినా ఎవరూ పిలవని ఫంక్షన్ల (ఒక్కో పని చేసే కోడ్ ముక్కల) జాబితా ఇస్తుంది. జాబితాలో ఉంది కదా అని కళ్లు మూసుకుని తీసేస్తే దొరికిపోతాం: ఒక్క విండోస్‌లోనో మ్యాక్‌లోనో వాడేవి ఉంటాయి, ప్రోగ్రామ్ నడుస్తుండగా పేరుతో వెతికి పిలిచేవీ ఉంటాయి. ముందు పేరు పెట్టి మొత్తం కోడ్‌లో వెతకండి, తీసేశాక అన్ని ప్లాట్‌ఫారాల మీదా బిల్డ్ చేయండి. ఒకటి తీస్తే అది పిలిచే మరో రెండు అనాథలవుతాయి, అందుకే టూల్‌ను మళ్లీ మళ్లీ నడపాలి. "రేపు పనికొస్తుందేమో" అని కామెంట్‌లో పెట్టి దాచకండి, పాతది గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్‌లో) ఎలాగూ ఉంటుంది.