ముందు గద్య చదువు

చిరంజీవికి,

తెలుగు సాహిత్యంలో స్త్రీల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ మొదటి పేజీన్నర గార్గి, మైత్రేయిల దగ్గరే గడిచిపోయింది. తెలుగులోకి వచ్చేసరికి నీ దగ్గర పేర్ల పట్టిక మిగిలింది: తిమ్మక్క, మొల్ల, రంగాజమ్మ, ముద్దుపళని, వెంగమాంబ. ఒక్కొక్కరికి నాలుగు వాక్యాలు, అందులో రెండు పొగడ్త. ఆ పేజీన్నర కొట్టేయ్. ఐదుగురిలో ఒకరిని ఉంచుకో. ఆమె రాసిన ఒక్క పుస్తకం తాటాకు మీద నుంచి నీ బల్ల మీదికి వచ్చేదాకా ఎన్ని చేతులు మారిందో అది రాయి. కవయిత్రి పేరు చెప్పి ఊరుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. పోషించినవాళ్ళు, పాఠం సరిచూసినవాళ్ళు, పత్రిక నడిపినవాళ్ళు, వీళ్ళలోనూ ఆడవాళ్ళున్నారు. వాళ్ళ జాడ మనం చదవకుండా తిప్పేసే పుటల్లో ఉంటుంది.

తాటాకు కాలపు కావ్యానికి అలాంటి చోట్లు రెండు. మొదటిది అవతారిక, అంటే కావ్యం మొదట్లో కవి చెప్పే ముందుమాట. కవి తన వంశం, గురువు, ఇష్టదైవం, అంకితం సంగతులు చెప్పుకునేది అక్కడే. రెండోది ప్రతి ఆశ్వాసం (కావ్యంలో అధ్యాయం లాంటిది) చివరా వచ్చే గద్య. "ఫలానా వారి బిడ్డ, ఫలానా దేవుడి వరం పొందినది, ఫలానా పేరుగలది రచించిన కావ్యంలో ఇన్నో ఆశ్వాసం" అనే ధోరణిలో సాగుతుంది. ఇవాళ్టి పుస్తకానికి ముఖపత్రం ఎలాగో అప్పటి కావ్యానికి గద్య అలాగ. అన్ని ఆశ్వాసాల గద్యలూ ఒక కాగితం మీద వరసగా ఎక్కించుకో. బిరుదు ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోయినా, తండ్రి పేరు మారినా, ఒక గద్య అసలే లేకపోయినా అక్కడ ఎవరిదో చెయ్యి పడిందని అనుమానించాలి.

గద్య అయిపోయాక, ప్రతి రాసిన లేఖకుడు చేర్చుకునే నాలుగు ముక్కలు వేరే ఉంటాయి: ఏ సంవత్సరం, ఏ తిథి, ఎవరి కోసం రాశాడు. అది నకలు తీసిన తేదీ. కావ్యం పుట్టిన తేదీ అనుకున్నావో నూరేళ్ళు ఇట్టే అటూఇటూ అవుతాయి. పైగా ఉత్త సంవత్సరం పేరు చాలదు, అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. శకవర్షమో, పాలకుడి పేరో తోడుంటేనే నమ్ము. అచ్చు పుస్తకాలకూ ఇదే చిక్కు. శుభకృత్ అంటే 1902 అని నీ వ్యాసంలో గబుక్కున రాసేశావు. శుభకృత్ 1902 ఉగాదికి మొదలై 1903 ఉగాది ముందురోజుతో ముగిసింది. కాబట్టి శుభకృత్ మాఘమాసం సంచిక అంటే 1903. "ఎవరు ముందు" అన్న వాదన పెట్టుకున్నప్పుడు ఆ మూడు నెలలే కొంప ముంచుతాయి.

మొల్ల గురించి "చదువు లేకపోయినా సహజ కవిత్వం చెప్పింది" అన్నావు. అవతారికలో ఆమె అన్న మాటను ఉన్నదున్నట్టు తీసుకున్నావన్నమాట. ఆ పద్యం మళ్ళీ చూడు. సంధులు, సమాసాలు, విభక్తులు, ధాతువులు, అలంకారాలు, ఛందస్సు, నిఘంటువులు ఇవేవీ ఎరగనని వరసపెట్టి చెప్పి, గోపవరపు శ్రీకంఠమల్లేశుడి వరంతో కవిత్వం నేర్చుకున్నానంటుంది. అన్ని శాస్త్రాల పేర్లు తప్పులేకుండా సీసంలో కూర్చినమ్మాయికి చదువు లేదంటే ఎలా? వినయం చెప్పుకోవడం అవతారికలో ఆనవాయితీ, మగ కవులూ చెప్పుకున్నారు. వాళ్ళ విషయంలో దాన్ని మర్యాద అంటాం, మొల్ల దగ్గరికి వచ్చేసరికి సాక్ష్యం అంటున్నాం. రాయలవారి సభకు వెళ్ళిందన్న కథ కూడా తీసెయ్. ఆమె తన తండ్రి ఆతుకూరి కేసన పేరు చెప్పింది, పుస్తకాన్ని రాముడికిచ్చింది. ఏ రాజు పేరూ ఎత్తలేదు. కాలం తేల్చాలంటే ఆమె స్తుతించిన పూర్వకవుల పేర్లే గట్టి ఆధారం, అవి చెప్పేది ఎవరి తర్వాత అన్న ఒక్క సంగతే.

నన్నడిగితే నువ్వు ముద్దుపళనిని పట్టుకో. తంజావూరు, 18వ శతాబ్దం, ప్రతాపసింహుడి కొలువు. రాధికా సాంత్వనము నాలుగు ఆశ్వాసాలు, 584 పద్యాలు. కావ్యం ఎంత శృంగారమో చెప్పడానికి నువ్వు మూడు పేరాలు ఖర్చు పెట్టావు. ఒకటి చాలు. అసలు కథ పుస్తకం అచ్చుకెక్కిన దగ్గర మొదలవుతుంది.

బ్రౌన్ దొర దగ్గర పనిచేసిన పైడిపాటి వెంకటనరసు 1887లో దీన్ని వ్యాఖ్యతో అచ్చువేయించాడు. ఆ ప్రతిలో ముద్దుపళని పీఠిక, అంటే అవతారిక, లేదు, గద్య లేదు, కొన్ని పద్యాలూ లేవు. పద్యాలు తీసేశారంటే బూతని తీశారనుకుందాం. పీఠికలో ఏ బూతుంది? అందులో ఆమె తన వంశం చెప్పుకుంది, అదీ నాయనమ్మ దగ్గర నుంచి. తనకు కావ్యాలు అంకితమిచ్చారని, తాను పండితులను ధనమిచ్చి సత్కరించానని, తనలాంటి మరో స్త్రీకి ఈ గౌరవం దక్కిందా అని ధీమాగా అడిగింది. అంటే రాసినామె ఒక్కతే కాదు, రాసినవాళ్ళను పోషించినామె కూడా. ఆ పుటలు తీసేస్తే పుస్తకంలో కవిత్వం మిగిలింది, కృతిభర్త స్థానంలో, అంటే అంకితం పుచ్చుకునే చోట, కూర్చున్న మనిషి మాత్రం లేకుండా పోయింది. నీ వ్యాసానికి నడుము ఇదే. ఇక్కడ నిదానించు.

తర్వాత బెంగుళూరు నాగరత్నమ్మ. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి దగ్గర గుడి కట్టించినావిడగా అందరికీ తెలుసు, గ్రంథ పరిష్కర్తగా తెలిసినవాళ్ళు తక్కువ. అచ్చు ప్రతిని రాతప్రతితో పోల్చి చూసి, పోయినవి తిరిగి చేర్చి, 1910లో చెన్నపురి వావిళ్ల వారి చేత వేయించింది. ఇలాంటి మాటలు ఆడదాని నోటివెంట రావడమేమిటని ఈ కావ్యాన్ని తప్పుపట్టిన వీరేశలింగంగారికి తన పీఠికలో జవాబు చెప్పింది: సిగ్గు ఆడవాళ్ళకు మాత్రమే సహజమా అని. 1911లో అశ్లీలమని ప్రభుత్వం ప్రతులు పట్టుకుంది. నిషేధం 1947లో, ప్రకాశంగారి హయాంలో తొలగింది. 1952లో వావిళ్ల వారే మళ్ళీ వేశారు. ఇక్కడ వీరేశలింగంగారిని విలన్ చేయకు. బాలికల బడి పెట్టింది, 1883లో స్త్రీల కోసం సతీహితబోధిని నడిపింది ఆయనే. ఆ రెండు పనులూ చేసిన మనిషే ఈ మాటా అన్నాడని పక్కపక్కనే పెట్టు. పాఠకుడికి ఆ ఇబ్బంది తెలియనీ.

రెండు ముద్రణలు పోల్చే పని ఇలా చెయ్యి. పద్యం సంఖ్యలు నమ్మకు. మధ్యలో పద్యం తీసేసిన సంపాదకుడు మిగతావాటికి సంఖ్యలు మళ్ళీ వరసగా వేస్తాడు, ఖాళీ కనపడదు. నాలుగు గళ్ళు గీసుకో: పద్యం మొదటి నాలుగు మాటలు, వృత్తం పేరు, ఈ ముద్రణలో సంఖ్య, ఆ ముద్రణలో సంఖ్య. మొదటి గడిని బట్టి జత కలుపుతూ పో. రోజుకు వంద పద్యాలు దాటితే కళ్ళు మోసం చేస్తాయి, ఆరు రోజుల పని అనుకో. ముందే చెప్పాను కదా 584 అని, ఆ అంకె కూడా ఏ ముద్రణలోనిదో చెప్పకుండా వాడకు.

ఇక అచ్చు కాలం. ఇక్కడ నీకు దొరికే సాయం ఒక చట్టం. 1867 నాటి 25వ చట్టం ప్రకారం ప్రతి పుస్తకం మీదా అచ్చువేసినవారి పేరు, ఊరు, ప్రకటించినవారి పేరు, ఊరు ఉండాల్సి వచ్చేది. ప్రతులు సర్కారుకు అప్పజెప్పాల్సి వచ్చేది. వచ్చినవాటి జాబితాను మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి ఫోర్ట్ సెంట్ జార్జి గెజెట్‌కు అనుబంధంగా అచ్చువేసేది. దాని గళ్ళు చూస్తే ప్రాణం లేచొస్తుంది: పేరు, భాష, రచయిత, విషయం, ముద్రించిన చోటు, ప్రకటించినవారు, వెలువడిన తేదీ, పుటలు, సైజు, ఎన్నో కూర్పు, ఎన్ని ప్రతులు, వెల, చివర కాపీరైటు ఎవరిది, వారి చిరునామా. అందరూ రచయిత గడి చూసి వెళ్ళిపోతారు. నువ్వు చివరి గడి చూడు. రచయిత్రి పేరు ఉండి కాపీరైటు ఇంకెవరిదో అయితే ఒక కథ, ఆమెదే అయితే ఇంకో కథ. పుస్తకం మీదైతే ఆ హక్కు "సర్వస్వామ్య సంకలితము" అనే మాటలో ఉంటుంది.

వెల 0-8-0 అని ఉంటే రూపాయలు, అణాలు, పైలు. పన్నెండు పైలు ఒక అణా, పదహారు అణాలు ఒక రూపాయి. కనుక అది అర్ధరూపాయి. ఎనిమిది రూపాయలని రాసినవాళ్ళున్నారు. పుటల సంఖ్య పక్కన కాగితం సైజు డెమ్మీయో క్రౌనో చూడకుండా "పెద్ద గ్రంథం" అనకు. చివరి ఫారంలో (ఒకేసారి అచ్చయ్యే పుటల కట్టలో) మిగిలిన పుటలను అచ్చాఫీసులు ప్రకటనలతో నింపేవి, "మా యొద్ద దొరకు పుస్తకములు" అని. వాటినీ రాసుకో. ప్రతి దొరకని పుస్తకం పేరు, వెల అక్కడ దొరికే అవకాశం ఉంది.

పత్రికల సంగతి కొంచెం తిరకాసు. హిందూ సుందరి 1902లో ఏలూరులో పెట్టింది సత్తిరాజు సీతారామయ్య. సంపాదకత్వం తర్వాత మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మల చేతికి వచ్చింది. కాబట్టి "స్త్రీల పత్రిక" అన్నప్పుడు స్త్రీల కోసమా, స్త్రీలు నడిపిందా అన్నది సంచిక సంచికకూ చూసుకోవాలి. స్థాపకుడు, సంపాదకురాలు, డబ్బు పెట్టినవారు మూడు వేర్వేరు గళ్ళు. పులుగుర్త లక్ష్మీనరసమాంబ సావిత్రి పత్రిక తానే నడిపింది, వితంతు వివాహాలను వ్యతిరేకించింది కూడా. నచ్చని మాట అన్నదని ఆమెను వదిలేస్తే నువ్వు రాసేది చరిత్ర కాదు, అభినందన సభ.

"తొలి" అన్న మాట నీ వ్యాసంలో పదకొండుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను. భండారు అచ్చమాంబ "ధన త్రయోదశి" 1902 నవంబరు హిందూ సుందరిలో వచ్చింది, గురజాడ "దిద్దుబాటు" 1910లో. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెడితే చాలు, తీర్పు పాఠకుడే చెప్పుకుంటాడు. పైగా "తొలి కథకురాలు" అనే బిరుదు ఆమె పెద్ద పనిని కప్పేసింది. అబలా సచ్చరిత్ర రత్నమాల అని స్త్రీల జీవిత చరిత్రలన్నీ ఒకచోట చేర్చిన పుస్తకం ఆమెది, మొదటి భాగం 1901 నాటిది. ఇంజనీరు భర్తతో మధ్యపరగణాల్లో ఉంటూ, చేతికందిన భాషల్లో చదువుతూ చేసిన పని. 1905లో, చిన్న వయసులోనే పోయింది. నువ్వూ నేనూ ఇప్పుడు చేస్తున్న పనిని నూట ఇరవై ఏళ్ళ కిందట ఆమె చేసింది, స్కాన్లు లేకుండా.

పేర్లు వెతికేటప్పుడు పుట్టింటి పేరుతోనూ చూడు. అచ్చమాంబ పుట్టిల్లు కొమర్రాజు, చరిత్రకారుడు లక్ష్మణరావుగారి అక్క. అచ్చమాంబ, అచ్చమ్మ; రమాబాయి, రమాబాయమ్మ; ఇలా ఒకే మనిషికి రెండు మూడు రూపాలుంటాయి. కంప్యూటరులో వెతికితే అరసున్న దగ్గర దెబ్బ తింటావు. "తెనుఁగు" అని ఉన్నచోట "తెనుగు" అని కొడితే రాదు, కొన్నిచోట్ల అరసున్నను నిండుసున్నగా చదివి "తెనుంగు" చేసి పెడుతుంది. బండి ఱ కూడా అంతే. స్కాన్ చేసిన పాత పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్కించారు, కాబట్టి పేరుతో దొరక్కపోతే అచ్చాఫీసు పేరు, సంవత్సరం పెట్టి చూడు. రాతప్రతులకు చెన్నైలోని ప్రాచ్యలిఖిత భాండాగారం, తంజావూరు సరస్వతీ మహలు. పాత పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. వెళ్ళేముందు ఉత్తరం రాసి, ఏ సంచికలు కావాలో నెలతో సహా చెప్పు. పాత కాగితం మడత దగ్గర పొడి అవుతుంది, ఫొటో తీస్తానని పుస్తకాన్ని వెల్లకిలా నొక్కకు.

ఇంకో మాట. ముద్దుపళనిని ఒకచోట "వేశ్య అయినప్పటికీ" అన్నావు. ఆ "అయినప్పటికీ" తీసెయ్. ఆ ఇళ్ళలో ఆడపిల్లలకు సంగీతం, సాహిత్యం, సంస్కృతం నేర్పేవారు. ఆమె రాయగలిగింది అక్కడ పుట్టినందువల్ల. మిగతా ఇళ్ళలో ఆ చదువు ఎందుకు లేదన్నది వేరే వ్యాసం.

ఇప్పటికి 1910 ప్రతిలోని ముద్దుపళని పీఠిక, నాలుగు గద్యలు నీ చేత్తో ఎత్తి రాసి పంపు. ఫొటోలు వద్దు. ఎత్తి రాస్తేనే మాట మాట మీదా కన్ను ఆగుతుంది.

ఆశీస్సులతో.

తా.క. గద్యలు రాసేటప్పుడు అరసున్నలు వదలకు. పుట సంఖ్య ప్రతిదాని పక్కనా వెయ్యి, తర్వాత వేద్దామనుకుంటే మళ్ళీ అంతా వెతకాలి.