హాస్టల్ ఖర్చు వేరు, కాలేజీ ఖర్చు వేరు

ప్రశ్న: మాది గాజువాక. పరవాడ దగ్గర ఒక ఫార్మా కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. జీతం చేతికి 55,000 వస్తుంది. ఇంటి లోను కిస్తీ 16,000, ఇంటి ఖర్చులు 24,000 పోను నెలకు 15,000 మిగులుతుంది. మా అమ్మాయికి కన్వీనర్ కోటాలో మద్దిలపాలెం వైపు ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. ఫీజు ఏడాదికి 70,000. చెన్నైలో ఒక డీమ్డ్ యూనివర్సిటీలోనూ అదే బ్రాంచి వచ్చింది. అక్కడ ఫీజు 2,10,000, హాస్టల్, మెస్ కలిపి 1,30,000. 25,000 అడ్వాన్సు కట్టేశాం. అమ్మాయి చెన్నై అంటోంది. మా ఆవిడ ఇంట్లో ఉండి చదువుకోమంటోంది. మా తోడల్లుడేమో ‘బయటికి పంపితేనే పిల్లలు బాగుపడతారు, లోను తీసుకో’ అంటున్నాడు. బ్యాంకులో 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, ఇంట్లో 14 తులాల బంగారం ఉన్నాయి. బాబు తొమ్మిదో తరగతి. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఇంట్లో ముగ్గురూ మూడు మాటలు అంటున్నా, అందరూ రెండు ప్రశ్నలను కలిపి ఒకటే ప్రశ్నగా చూస్తున్నారు. ఏ కాలేజీ అన్నది ఒకటి. ఎక్కడ ఉండి చదవాలన్నది ఇంకొకటి. వీటిని విడదీస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ముందు కాగితం మీద పెడదాం.

చెన్నైలో ఫీజు, హాస్టల్ కలిపి 3,40,000. దీనికి రానుపోను రైలు ఖర్చులు చేర్చండి. దసరా, సంక్రాంతి, వేసవి అని ఏడాదికి మూడుసార్లు వచ్చినా, మధ్యలో మీరు ఒకసారి చూసి వచ్చినా 20,000 అవుతుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కదా, సంక్రాంతి టికెట్ ఆ రోజు పొద్దున్నే దొరక్కపోతే తత్కాల్‌కో ప్రైవేటు బస్సుకో ఎంత పెట్టాలో మీకు తెలియంది కాదు. చేతి ఖర్చుకు నెలకు 4,000 చొప్పున పది నెలలకు 40,000. మొత్తం ఏడాదికి 4 లక్షలు, నాలుగేళ్లకు 16 లక్షలు. హాస్టల్ ఫీజు ఏటా 5 శాతం పెరిగినా ఇంకో 40,000 అవుతుంది. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

ఇంట్లో ఉంటే ఖర్చు లేదనుకోవద్దు. చాలామంది ఇక్కడే సున్నా వేస్తారు. ఫీజు 70,000. ఇంటి తిండికి ఎలా చూసినా నెలకు 2,000 పడుతుంది. కాలేజీలో మధ్యాహ్నం టిఫిన్లు, షేర్ ఆటోలు, జిరాక్సులకు నెలకు 2,500. అంటే పది నెలలకు మరో 45,000. బస్సు మాత్రం నిజంగానే ఉచితం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయిలు గుర్తింపు కార్డు చూపిస్తే టికెట్ డబ్బులు తీసుకోరు. మొత్తం ఏడాదికి 1,15,000, నాలుగేళ్లకు 4,60,000.

రెండింటికీ తేడా 11,40,000. ఇందులో 5,60,000 కేవలం ఫీజుల తేడా. ఇంటికి దూరంగా ఉన్నందుకు పడేది మిగతా 5,80,000. అంటే మీ తోడల్లుడు ‘బయటికి పంపించు’ అంటున్న మాటలో దాదాపు సగం డబ్బు బయట ఉండటానికి పోదు. ఆ యూనివర్సిటీ పేరుకు పోతుంది. ఆ పేరు 5,60,000 విలువ చేస్తుందా? బ్రాంచి ఒకటే, డిగ్రీ ఒకటే. అదే సీటు ఏ ఎన్ఐటీలోనో వచ్చి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది, బంగారం మాట కూడా ఎత్తేవాణ్ణేమో. ఈ రెండు కాలేజీల మధ్య మాత్రం అంత తేడా నాకు కనిపించడం లేదు. మీకు కావాలంటే రెండు చోట్లా మూడో, నాలుగో ఏడాది పిల్లలతో మాట్లాడండి. బ్రోషర్‌లో ఉండే ‘అత్యధిక ప్యాకేజీ’ని పట్టించుకోకండి, క్లాసులో మధ్య వరుస పిల్లలకు ఏం ఉద్యోగం వచ్చిందో అడగండి.

ఇక లోను సంగతి. తాకట్టు లేకుండా బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షల దాకా విద్యా రుణం ఇస్తాయి. అంతకు మించితే ఆస్తి చూపించమంటాయి. మీ ఇల్లు ఇప్పటికే ఇంటి లోను కింద ఉంది. కాబట్టి 16 లక్షల్లో ఏడున్నర పోను 8,50,000 మీ జేబులోంచి రావాలి. నెలకు 17,700. మీకు మిగిలేదే 15,000! ఫిక్స్‌డ్ డిపాజిట్ మొదటి రెండేళ్లలోనే కరగడం మొదలవుతుంది. సరిగ్గా అప్పటికి బాబు ఇంటర్‌కొస్తాడు. మన దగ్గర ఇంటర్ అంటే ఫీజు ఎంతో వేరే చెప్పాలా?

ఆ ఏడున్నర లక్షలు కూడా ఊరికే ఉండవు. ఏడాదికి 1,87,500 చొప్పున విడుదలై, వడ్డీ 10 శాతం అనుకుంటే, చదువు నాలుగేళ్లు, ఆ తర్వాత ఏడాది విరామం ముగిసేసరికి బాకీ 10,12,500కు చేరుతుంది. పదేళ్లలో తీర్చాలంటే కిస్తీ నెలకు 13,400. ఇది కట్టాల్సింది మీ అమ్మాయి. మొదటి ఉద్యోగంలో చేతికి 28,000 వచ్చిందనుకోండి, అందులో దాదాపు సగం. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో గది అద్దె కట్టి, తిని, మిగిలిన దాంట్లోంచి.

పీఎం విద్యాలక్ష్మి గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి నేనే చెబుతాను. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పథకం ఇది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల దాకా రుణంపై చదువు కాలంలోనూ, ఆ తర్వాతి ఏడాది విరామంలోనూ 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తుంది. మీకు వర్తిస్తే పై లెక్కలో సుమారు 79,000 తగ్గుతుంది. కానీ ఆ పథకం జాబితాలో మీ కాలేజీ ఉండాలి, రాయితీ ఏటా లక్ష మందికే, అందులోనూ ప్రభుత్వ సంస్థల పిల్లలకు ప్రాధాన్యం. చేతికి వచ్చే జీతం కాదు, కుటుంబం మొత్తం ఆదాయం చూస్తారన్నది గుర్తుంచుకోండి. ఈ ఆశ మీద 16 లక్షల నిర్ణయం కట్టకండి.

కాలేజీ ప్రశ్నకు నా జవాబు అయింది. మద్దిలపాలెం.

అంతమాత్రాన మీ ఆవిడ చెప్పిందే మొత్తం రైటు అనను. నేను విజయనగరం నుంచి విశాఖకు మూడేళ్లు పాసింజరులో తిరిగి డిగ్రీ చేసినవాణ్ణి. అరవై కిలోమీటర్లు. సీజన్ టికెట్ చవకే. కానీ సాయంత్రం బండి తప్పుతుందని లైబ్రరీలో కూర్చున్నది లేదు, స్నేహితులతో ఒక ప్రాజెక్టు చేసింది లేదు. మా నాన్న ‘హాస్టల్ డబ్బు మిగిలింది’ అని ఊరంతా చెప్పుకునేవారు. ఆ మిగులు నాకేం ఖర్చయిందో ఆయన పుస్తకంలో ఎప్పుడూ రాసుకోలేదు.

గాజువాక నుంచి మద్దిలపాలెం అంత దూరం కాదనుకోండి. అయినా పొద్దున షిఫ్టు బస్సుల మధ్య ఎన్ఏడీ జంక్షన్ దాటి, కంచరపాలెం, తాటిచెట్లపాలెం మీదుగా చేరేసరికి గంట పావు. రోజుకు రెండున్నర గంటలు. 200 రోజులకు 500 గంటలు. ఇప్పుడు కాలేజీకి దగ్గర్లో ఒక లేడీస్ హాస్టల్ నెలకు 7,500 అనుకుందాం. పది నెలలకు 75,000, చేతి ఖర్చులు 25,000, ఫీజుతో కలిపి 1,70,000. ఇంట్లో ఉన్నదానికన్నా 55,000 ఎక్కువ. 500 గంటలతో భాగిస్తే గంటకు 110 రూపాయలు. మొదటి ఏడాది ఆ గంట కొనక్కర్లేదు. అప్పుడు క్లాసులు, ల్యాబులు, ఇల్లు అంతే. మూడో ఏడాది నుంచి ఇంటర్న్‌షిప్‌లు, కోడింగ్ పరీక్షలు, క్యాంపస్ ఇంటర్వ్యూలు మొదలయ్యాక మాత్రం ఆ గంట 110కి దొరికితే చవకే.

అందుకే నేను చెప్పేది: మొదటి రెండేళ్లు ఇంటి నుంచి, మూడో ఏడాది నుంచి మద్దిలపాలెంలో హాస్టల్. అదనంగా అయ్యేది 1,10,000. ఇంటి నుంచి చదివే రెండేళ్లలో కాలేజీ ఖర్చు నెలకు 9,600 పడుతుంది, మీ మిగులులో 5,400 ఉంటుంది. అందులో 5,000కి ఇప్పుడే రెండేళ్ల రికరింగ్ డిపాజిట్ వేయండి. అమ్మాయి మూడో ఏడాదికి వచ్చేసరికి 1,20,000, పైన వడ్డీ. హాస్టల్ అదనపు ఖర్చు అక్కడే తీరిపోతుంది, లోను మాటే లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 2 లక్షలు ఎవరు అడిగినా కదపకండి. కిస్తీతో కలిపి అది మీ అయిదు నెలల ఖర్చు. ల్యాప్‌టాప్‌కు 60,000 తీయండి. మిగతా 1,40,000 బాబు ఇంటర్‌కు. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.

ఈ లెక్క అమ్మాయి ముందు పెట్టే పని మీదే, మీ ఆవిడ మీదకు నెట్టకండి. తనకు కావాల్సింది చెన్నైయా, లేక సాయంత్రం ఆరు దాటితే ఫోన్ చేయని ఇల్లా అన్నది కూడా నిదానంగా కనుక్కోండి. రెండోదైతే దానికి 16 లక్షలు అక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఆ రెండేళ్లూ వారంలో రెండు రోజులు ఆలస్యంగా రావచ్చని, మూడో ఏడాది హాస్టల్ ఖాయమని ఇప్పుడే మాటివ్వండి. ఆ రికరింగ్ డిపాజిట్ పాస్‌బుక్ తన చేతికే ఇవ్వండి. పెద్దవాళ్లు తర్వాత మాట మారుస్తారన్న భయం ఈ వయసు పిల్లలకు ఎక్కువ, మనం దానికి తగ్గట్టే ప్రవర్తిస్తాం కూడా.

చెన్నైకి కట్టిన 25,000 పోతుందని వెనకాడకండి. సీటు రద్దుకు ఉన్నత విద్యను నియంత్రించే కేంద్ర సంస్థలు యూజీసీ, ఏఐసీటీఈల ఫీజు వాపసు నియమాలున్నాయి. ఎంత వెనక్కి వస్తుందన్నది మీరు ఏ తేదీన రద్దు అడిగారన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఈ వారంలోనే మెయిల్ పంపండి, రసీదు జత చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టి ఉంటే అవి కూడా అదే మెయిల్‌లో అడగండి. ఫీజు గొడవ పేరుతో వాటిని ఆపే హక్కు ఏ కాలేజీకీ లేదు. ఒకవేళ 25,000లో ఒక్క రూపాయి రాకపోయినా, మీ తోడల్లుడికి చెప్పాల్సిన లెక్క 11,40,000దే.