ఇండోర్ ఆటలు చేతిలో కెమెరా పట్టుకుని తీయడానికి 24-70 ఎఫ్/2.8 మేలా, స్టెబిలైజేషన్ ఉన్న 24-105 ఎఫ్/4 మేలా?

ఇండోర్ కోర్టులో బాస్కెట్‌బాల్, బ్యాడ్మింటన్ ఆటలను ట్రైపాడ్ లేకుండా, ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాతో (పెద్ద సెన్సర్, లోపల అద్దం లేనిది) తీస్తున్నానని రాశారు. లెన్సు పేరులో 24-70 లాంటివి జూమ్ మిల్లీమీటర్లు, అంకె పెరిగితే దూరం అందుతుంది. ఎఫ్ పక్క అంకె తగ్గితే వెలుతురు ఎక్కువ వస్తుంది. 24-105 ఎఫ్/4లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఉంది, దూరం కూడా ఎక్కువ అందుతుంది. మీరు చూసిన 24-70 ఎఫ్/2.8లో ఆ రెండూ లేవు, పైగా బరువు. ఏది తీసుకోవాలన్నది మీ ప్రశ్న. నేనూ ఒకప్పుడు ఇలాగే ఆలోచించి ఎఫ్/4 కొన్నాను. రెండేళ్లు దానితో కుస్తీపట్టి, చివరికి ఎఫ్/2.8కి మారాను. ఆటల కోసమే అయితే ఎఫ్/2.8 తీసుకోండి.

నా కళ్లు తెరిపించిన ఫొటో ఒకటుంది. బాస్కెట్‌బాల్ ఆటగాడు బుట్ట వైపు ఎగిరిన క్షణం. ఫ్రేము చక్కగా కుదిరింది. ఇంటికి వచ్చి పెద్దది చేసి చూస్తే, వెనక గోడ మీది అక్షరాలు ఒక్కొక్కటీ చదవగలిగేంత స్పష్టంగా ఉన్నాయి, ఆటగాడి చేయి మాత్రం అలికినట్టుంది. షట్టర్ స్పీడు 1/125 సెకను. స్టెబిలైజేషన్ తన పని తాను చేసింది, నా చేతి వణుకును ఆపింది. ఎదుటి మనిషి కదలికను ఆపడం దాని పని కాదు, దాని చేతిలోనూ లేదు. ఆ రోజు తీసిన వందల ఫొటోల్లో ఉంచుకోదగ్గవి పట్టుమని పది లేవు. లెన్సు మంచిదే, నేను దాన్ని తప్పు పనికి ఎంచుకున్నాను.

ఒక చిన్న లెక్క చూడండి. సెకనుకు 5 మీటర్ల వేగంతో కోర్టుకు అడ్డంగా పరుగెత్తే మనిషి 1/125 సెకనులో 4 సెంటీమీటర్లు జరుగుతాడు. 1/500లో 1 సెంటీమీటరు, 1/1000లో అర సెంటీమీటరు. ఇది శరీరం సంగతి. చేయి, రాకెట్ అంతకు ఎన్నో రెట్ల వేగంతో కదులుతాయి. అందుకే నేను 1/500 కన్నా కిందికి దిగను, బ్యాడ్మింటన్ స్మాష్ అయితే 1/1000కి తగ్గను. ఆ వేగానికి కావలసిన వెలుతురు ఎక్కడి నుంచి రావాలి? నేను తీసే కోర్టులో ఎఫ్/2.8, 1/500 దగ్గర ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం, పెంచితే నాయిస్ అనే గరుకు చుక్కలు పెరుగుతాయి) 3200 పడుతుంది. అదే ఎఫ్/4తో 6400, ఎఫ్/5.6తో 12800. ఎఫ్/4 కన్నా ఎఫ్/2.8 రెండింతల వెలుతురు లోపలికి రానిస్తుంది. ఒక్క స్టాపే (వెలుతురు రెండింతలయ్యే ఒక మెట్టు) కదా అని చాలామంది తేలిగ్గా తీసేస్తారు. కానీ చీకటి కోర్టులో ఆ ఒక్క స్టాపు కోసమే మనం ఇంత డబ్బూ బరువూ భరిస్తున్నాం.

ఫోకస్ విషయంలోనూ లాభం ఉంది. కెమెరా సాధారణంగా లెన్సు ఎపర్చర్‌ను (వెలుతురు వచ్చే రంధ్రాన్ని) బాగా తెరిచి ఉంచి ఫోకస్ చేస్తుంది కాబట్టి మసక వెలుతురులో దానికి దొరికే ఆధారం పెరుగుతుంది. మీరు ఎప్పుడైనా పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరా) వాడితే అక్కడ ఇంకా తేడా తెలుస్తుంది. చాలా కెమెరా బాడీల్లో కొన్ని ఫోకస్ పాయింట్లు ఎఫ్/2.8 లేదా అంతకన్నా వెలుతురున్న లెన్సు పెడితేనే పూర్తి కచ్చితత్వంతో పనిచేస్తాయి. అయితే ఎపర్చర్ ఒక్కటే చూసి కొనకండి. లోపలి ఫోకస్ మోటారు మందకొడిదైతే ఎఫ్/2.8 ఉండీ ప్రయోజనం లేదు. కొనే ముందు మీ కెమెరాకే తగిలించి, కంటిన్యుయస్ ఫోకస్‌లో (కదిలేవారిని వదలకుండా ఫోకస్ చేసే పద్ధతి) పెట్టి, ఎవరినైనా మీ వైపు వేగంగా నడిచి రమ్మని వరసగా 20, 30 ఫొటోలు తీయండి. వాటిలో ఎన్నింటిలో కళ్లు స్పష్టంగా ఉన్నాయో లెక్కపెట్టండి. పరీక్షాపట్టికల ఫొటోలకన్నా ఈ లెక్క మీద నాకు ఎక్కువ నమ్మకం.

ఎఫ్/2.8లో ఫోకస్ లోతు (ముందూ వెనకా స్పష్టంగా కనిపించే మేర) మరీ పలచనవుతుందేమోనన్న భయం మీకుండవచ్చు, నాకూ ఉండేది. ఫుల్ ఫ్రేమ్‌లో 70 మి.మీ. దగ్గర, 5 మీటర్ల దూరంలో ఉన్న మనిషికి దాదాపు 85 సెంటీమీటర్ల లోతు దొరుకుతుంది. 3 మీటర్లకు వస్తే 30 సెంటీమీటర్లే. అంటే కోర్టు అంచున కూర్చుని తీసేటప్పుడు బాగా దగ్గరికి దూసుకొచ్చే ఆటగాడి దగ్గరే జాగ్రత్త అవసరం.

ఇక దూరం సంగతి. 24-105 వైపు మిమ్మల్ని లాగుతున్నది ఇదేనని నాకు అనిపిస్తోంది. కెమెరాను అడ్డంగా పట్టుకుంటే 70 మి.మీ. దగ్గర, 10 మీటర్ల దూరంలో ఫ్రేము ఎత్తు సుమారు 3.4 మీటర్లు, ఎగిరిన ఆటగాడు నిండుగా పడతాడు. 20 మీటర్లలో ఆ ఎత్తు దాదాపు 7 మీటర్లవుతుంది, మనిషి అందులో నాలుగో వంతు. 105 మి.మీ. అయితే అదే దూరంలో 4.6 మీటర్లు. తేడా నిజమే. కానీ 24 మెగాపిక్సెళ్ల ఫొటోను 70 నుంచి 105 కోణానికి కత్తిరించినా 10 మెగాపిక్సెళ్లకు పైనే మిగులుతుంది. అలా కత్తిరిస్తే నాయిస్ ఎఫ్/4లో తీసినంతే ఉంటుంది. అంటే ఎఫ్/4 లెన్సుకు బాగా అనుకూలమైన చోట కూడా మీరు పెద్దగా నష్టపోవడం లేదు, మిగిలిన చోట్ల రెండింతల వెలుతురు మీదే. కదలికతో అలికిపోయిన ఫొటోను మాత్రం ఏ కత్తిరింపూ బాగుచేయలేదు.

ఒక పని చేయండి. ఇప్పటిదాకా మీరు తీసిన ఆటల ఫొటోల్లో నచ్చిన యాభైని తీసి ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశారో చూడండి. ఎక్కువ భాగం జూమ్ చివరి కొసనే ఉంటే మీకు కావలసింది 24-70 కానే కాదు, 70-200 ఎఫ్/2.8. చాలావరకు 35 నుంచి 70 మధ్యలో ఉంటే నిశ్చింతగా ముందుకు వెళ్లండి. నా ఫొటోల్లో 24 దగ్గర తీసినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే కనిపించాయి, నా ఎంపికను మార్చింది అదే.

ఎందుకంటే 24 వదులుకుని 28తో సరిపెట్టుకుంటే బరువు ఎంతో తగ్గుతుంది. సిగ్మా 24-70 ఎఫ్/2.8 డీజీ డీఎన్ ఆర్ట్ 830 గ్రాముల పైచిలుకు. అదే కంపెనీ 28-70 ఎఫ్/2.8 కాంటెంపరరీ 470 గ్రాములే. టామ్రాన్ 28-75 ఎఫ్/2.8 రెండో తరం 540 గ్రాములు. 24 తప్పనిసరి అనుకునేవారికి సోనీ 2022లో తెచ్చిన రెండో తరం 24-70 జీఎమ్ 695 గ్రాములకు దిగింది, 2016 నాటి మొదటిది 886. చేతిలో పట్టుకుని తీసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మొదటి అరగంటలో ఏ లెన్సయినా మోయగలం. రెండో గంటలో మణికట్టు బరువెక్కి, కెమెరాను కంటి దగ్గర నుంచి దించేస్తాం. సరిగ్గా అప్పుడే ఆటలో అసలు ఘట్టం జరిగిపోతుంది. నేను తేలికైన 28-75కే మారాను, ఎడమ అరచేతిని లెన్సు కింద పెట్టి మోచేతిని పక్కటెముకలకు ఆనించి ఆట మొత్తం తీయగలుగుతున్నాను.

ఎఫ్/2.8 అంటే స్టెబిలైజేషన్ వదులుకోవడమేనన్న నియమం కూడా లేదు. కానన్ 2019లో తెచ్చిన ఆర్ఎఫ్ 24-70 ఎఫ్/2.8లో రెండూ ఉన్నాయి, బరువు 900 గ్రాములు. మీ బాడీలోనే సెన్సర్ స్టెబిలైజేషన్ ఉంటే లెన్సులో లేదని బెంగ అక్కర్లేదు. బహుమతులు ఇచ్చేటప్పుడు, 1/30 దగ్గర ప్యానింగ్ (కదిలేవారితో పాటు కెమెరానూ తిప్పడం) చేసేటప్పుడు అది పనికొస్తుంది, ఆట జరుగుతున్నప్పుడు దాని అవసరం తక్కువ. ఇంకొకటి, సోనీలో సెకనుకు 20, 30 ఫ్రేములు తీసే బాడీ మీదైతే ఇతర కంపెనీల లెన్సులు 15 దగ్గరే ఆగిపోతాయి. అంత వేగం మీకు కావాలంటే సోనీ సొంత లెన్సే చూసుకోవాలి. (ఏపీఎస్-సీ బాడీ, అంటే చిన్న సెన్సర్ కెమెరా, ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆటలకు 24-70 వారికి దాదాపు 36-105లా పనిచేస్తుంది, అది వరమే.)

ఇతరులు వాడిన లెన్సు కొనాలనుకుంటే ఒక్క జాగ్రత్త. నేను మొదట కొన్న వాడిన ఎఫ్/2.8లో లోపలి గాజు కొద్దిగా పక్కకు జరిగి ఉంది. బయట గీత కూడా లేదు, అద్దంలా మెరిసింది. తీసిన ప్రతి ఫొటోలో ఎడమ వైపు మసక. అమ్మినవారు తిరిగి తీసుకోలేదు. ఇప్పుడు ముందుగా ఇటుక గోడకు ఎదురుగా నిటారుగా నిలబడి, ఎఫ్/2.8లో, జూమ్ రెండు కొసల్లోనూ తీసి నాలుగు మూలలూ పోల్చి చూశాకే డబ్బు ఇస్తాను.

లెన్సు చేతికి వచ్చాక మాన్యువల్ మోడ్‌లో ఎఫ్/2.8, 1/640 పెట్టి ఐఎస్ఓను ఆటోకి వదలండి. వరస ఫొటోల్లో ఒకటి పసుపుగా, ఒకటి చీకటిగా వస్తుంటే లెన్సును అనుమానించకండి. అది కోర్టు దీపాల మిణుకు. కెమెరా మెనూలో యాంటీ ఫ్లికర్ ఆన్ చేయండి.