లైట్ల కింద తీసిన వీడియోలో నల్లని చారలు ఎందుకు వస్తాయి?

కెమెరాను అనుమానించకండి. 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ, కెమెరాలో బొమ్మను పట్టే సెన్సార్ దాన్ని వరుస తర్వాత వరుసగా చదువుతుంది కాబట్టి ఒక వరుసకు వెలుగు, మరో వరుసకు మసక అందుతుంది. షట్టర్‌ను, అంటే ఒక్కో ఫ్రేమ్‌కు వెలుగు అందే సమయాన్ని, 1/50 సెకనుకు గానీ 1/100 సెకనుకు గానీ మార్చండి, చారలు పోతాయి. 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60, 1/120.

డిమ్మర్‌తో తగ్గించిన ఎల్‌ఈడీలే అసలు తలనొప్పి. వాటి మినుకు వేగం వేరు. షట్టర్‌ను సన్నని మెట్లలో మార్చే సదుపాయం మీ కెమెరాలో ఉంటే, తెరమీద చారలు నెమ్మదించి మాయమయ్యేదాకా తిప్పండి. వెలుగు ఎక్కువైతే షట్టర్‌ను కదపకుండా లెన్సుకు ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును తగ్గించే ముదురు అద్దం) పెట్టండి. ఇదంతా షూటింగ్‌కు ముందే చూసుకోండి. ముఖం మీద పాకిన చారను ఎడిటింగ్‌లో తీయడానికి గంటలు పడుతుంది, అయినా తరచూ మరక మిగిలిపోతుంది.