నేర్పాలా, దాచాలా?

ప్రశ్న: మాది యాదాద్రి భువనగిరి జిల్లాలోని చేనేత గ్రామం. చిటికి కట్టే పని, అంటే రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టడం, సగం సమయంలో ముగిసేలా, మూడేళ్ళు తిప్పలుపడి ఒక చెక్క చట్రం తయారుచేసుకున్నాను. తోటివారు నేర్పమని అడుగుతున్నారు. నాన్నగారేమో గుట్టు బయటపడితే కూలి పడిపోతుందంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ నాన్నగారి భయం ఉత్తది కాదు కాని, అది ఎవరి గురించో ముందు తేల్చుకోవాలి. పని త్వరగా తెములుతోందని పసిగట్టి రేటు కోసేది పక్కింటివారు కాదు, నూలు ఇచ్చి చీర తీసుకునే సావుకారు. మీరు నోరు మెదపకపోయినా, చీరలు ముందుగా అప్పగిస్తుంటే ఆయనకు సంగతి అర్థం కాకపోదు.

మీ ప్రాంతపు చింతకింది మల్లేశం గారినే చూడండి. ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడానికి, చీరకు వేలసార్లు చేయి ఆడించి భుజం నొప్పితో బాధపడే తల్లి లక్ష్మి గారి కోసం ఆయన 1999లో ఆసు యంత్రం పూర్తిచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. అది తమ ఇంటికే పరిమితమైతే ఒక్క తల్లికే ఊరట దక్కేది. ఇతరులకూ తయారుచేసి అమ్మడంతో ఎందరో స్త్రీలకు ఆ శ్రమ తప్పింది. అయినా ఆయన పేటెంటు వదులుకోలేదు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

దాచినవారూ ఉన్నారు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఛాంబర్లెన్ కుటుంబం కష్టమైన కాన్పులకు వాడే పటకారును కనిపెట్టి, వందేళ్ళకు పైగా తమలోనే దాచుకుంది. 1813లో ఎసెక్స్‌లోని వారి పాత ఇంటి నేలపలకల కింద ఆ పనిముట్లు బయటపడ్డాయి. ఈలోగా ఆ పటకారు అందక ప్రాణాలు కోల్పోయిన తల్లుల లెక్క ఎవరూ రాయలేదు.

మీ చట్రం ప్రాణాలకు సంబంధించినది కాదు గనుక రేపే చెప్పితీరాలని నేను అనను. నేర్పండి, కాని వరుస తప్పకండి. పేటెంటు దరఖాస్తుకు ముందే నలుగురికీ చూపిస్తే కొత్తదనం పోయిందని తిరస్కరించవచ్చు. మొదట తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టి, 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వవచ్చు. మంజూరైతే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ళు హక్కు మీదే. గ్రామీణ ఆవిష్కర్తలకు తోడ్పడే హైదరాబాదులోని పల్లెసృజన సంస్థను సంప్రదించండి. ఆ పని ముగిసేవరకు మాత్రం చట్రం ఫోటోను వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి.