మీద, కింద, ఎంత దూరం

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. మొదటి పేజీలోనే "ఎడమ మెదడు వస్తువుల్ని చూస్తుంది, కుడి మెదడు సంబంధాల్ని చూస్తుంది" అని రాసేశావు. అది చదివి కాగితాలు పక్కన పెట్టి, కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను. కోపం నీ మీద కాదు, ఆ వాక్యం మీద. అది చాలా ఏళ్లుగా నన్ను వెంటాడుతోంది.

నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఇదే విషయం మీద ఓ పత్రికకి వ్యాసం పంపాను. పగలు ఉద్యోగం, రాత్రి చదువు, మూడు నెలల పని. అచ్చయ్యాక చూస్తే నేను రాసిన "ఎక్కువగా", "కొంతవరకు", "చాలామందిలో" అన్న మాటలు ఒక్కటీ లేవు. అడిగితే, "పాఠకుడికి అనుమానాలెందుకండీ, జవాబు కావాలి" అన్నాడు సంపాదకుడు. పైగా "మీది కుడి మెదడా, ఎడమ మెదడా?" అని హెడ్డింగ్ కూడా తగిలించాడు. ఆ మాటలు తీసేస్తే నిజం అబద్ధమైపోతుందని ఎంత చెప్పినా వినలేదు. ఆ బాధ నాకింకా పోలేదు. 2013లో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు వెయ్యిమందికి పైగా మనుషుల మెదడు స్కాన్లు పరిశీలించి, కుడి మెదడు మనుషులు, ఎడమ మెదడు మనుషులు అన్న రకాలేవీ కనిపించలేదన్నారు. అయినా ఆ హెడ్డింగ్ ఏటా ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంది.

అలాగని రెండు సగాలూ ఒకేలా పనిచేస్తాయని కాదు. 1986లో డెలిస్, రాబర్ట్‌సన్, ఎఫ్రాన్ అనే పరిశోధకులు చేసిన పని చూడు. చిన్న చిన్న జడ్ అక్షరాలు పేర్చి పెద్ద ఎమ్ అక్షరం గీశారు. మెదడు దెబ్బతిన్న వాళ్లకి దాన్ని చూపించి, గుర్తున్నది గీయమన్నారు. కుడి సగం దెబ్బతిన్న వాళ్లు జడ్‌లు గీశారు గానీ అవి చెల్లాచెదురుగా పడ్డాయి, ఎమ్ కుదరలేదు. ఎడమ సగం దెబ్బతిన్న వాళ్ల కాగితం మీద ఎమ్ వచ్చింది, అందులో జడ్‌లు లేవు. ఈ ప్రయోగం నీ వాక్యానికి దన్నుగా నిలుస్తుందని నీకు అనిపించొచ్చు. తొందరపడకు.

బల్ల మీద గ్లాసు ఉందనుకో. "మీద" అనేది ఒక సంబంధం. అంచుకి ఎంత దూరంలో ఉంది, చెయ్యి చాపితే అందుతుందా అనేది ఇంకో సంబంధం. స్టీఫెన్ కాస్లిన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో ఈ రెండింటినీ విడదీశాడు. మీద, కింద, లోపల వంటి మాటల్లో చెప్పగలిగే సంబంధాలకి ఎడమ సగం కాస్త అనువుగా ఉంటుందని, కొలతతో కూడిన దూరాలకి కుడి సగం అనువుగా ఉంటుందని అతని వాదన. తేడా చిన్నదే, అన్ని ప్రయోగాల్లోనూ ఒకేలా రాలేదు కూడా. కానీ ఒక్కటి గమనించు. నువ్వు గంపగుత్తగా కుడివైపుకి రాసిచ్చిన "సంబంధం" ఇక్కడే రెండుగా చీలిపోయింది.

న్యూరాన్ దగ్గరికి, అంటే మెదడులోని ఒక్కో నాడీకణం దగ్గరికి వెళ్తే, వస్తువుకీ సంబంధానికీ మధ్య గీత ఇంకా చెరిగిపోతుంది. 2000లో జౌ, ఫ్రీడ్‌మన్, వాన్ డెర్ హైట్ కోతుల మెదడులో, చూపుకి సంబంధించిన తొలి ప్రాంతాల్లోనే ఒక విచిత్రం చూశారు. ఒకే అంచు, ఒకే చోట. ఆ అంచు ఎడమ పక్కనున్న ఆకారానిదైతే ఒక న్యూరాన్ గట్టిగా స్పందించింది, కుడి పక్క ఆకారానిదైతే తగ్గింది. అంటే ఈ అంచు ఎవరిది అన్న లెక్క తేలుతూ ఉంటేనే వస్తువు వస్తువవుతోంది. వస్తువు ముందు పుట్టి, సంబంధం తర్వాత వచ్చి అతుక్కోవడం కాదు. నేను జీవితమంతా నమ్మింది ఇదే. రాయడంలోనూ ఇదే నమ్ముతాను.

నీ వ్యాసంలో నామవాచకాలు కుప్పలుగా ఉన్నాయి. 8,600 కోట్ల న్యూరాన్లు (లెక్క సరైనదే), సినాప్స్, కార్పస్ కల్లోజమ్, లోబ్. ఏది దేన్ని ఏం చేస్తోందో చెప్పే క్రియలు లేవు. తెలుగులో సంబంధమంతా క్రియలోనూ విభక్తిలోనూ ఉంటుంది. "కి", "తో", "నుంచి" అన్నవి సరిగ్గా పడకపోతే ఎంత పెద్ద పేరు రాసినా అది ఆ చెల్లాచెదురు జడ్‌లలాగే మిగిలిపోతుంది.

ఇక నాలుగో పేజీ. రెండు వైపులా స్ట్రోక్ వచ్చిన మీ పెద్దమ్మ గురించి రాశావు. గ్లాసు కనిపిస్తే చెయ్యి కనిపించదు, చెయ్యి కనిపిస్తే గ్లాసు మాయమవుతుంది, చాపిన చెయ్యి పక్కనున్న గాలిని పట్టుకుంటుంది. హంగరీ డాక్టర్ రెజ్జో బాలింట్ 1909లో వర్ణించింది ఇలాంటి స్థితినే. మెదడు పైభాగంలో వెనకవైపు, రెండు సగాలూ దెబ్బతింటే వస్తుంది. వస్తువు ఒక్కొక్కటే కనబడుతుంది, రెండింటి మధ్య ఉన్నది మాత్రం అందదు. నీ మొదటి పేజీ తప్పని నీ నాలుగో పేజీయే చెబుతోంది, అది నువ్వు చూసుకోలేదు. ఆ పేరా చదివి నేను చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను.

పుస్తకంగా వేసేదెవరు, ఎన్ని పేజీలుండాలి అని అడిగావు. వాటి సంగతి తర్వాత. మొదటి మూడు పేజీలూ తీసెయ్. ఆ చెయ్యి దగ్గర మొదలుపెట్టు. అది గ్లాసుకి ఎటువైపు తప్పింది, ఎంత తప్పింది, మళ్లీ చాపే ముందు ఆవిడ ఎటు చూసింది, నువ్వు గ్లాసుని జరిపావా, ఆవిడ చేతినే పట్టుకుని నడిపించావా, ఇవన్నీ రాయి. చివరికి ఆవిడ ఆ నీళ్లు తాగిందో లేదో కూడా నువ్వు చెప్పలేదు.